నడిచే బూజు

తోటకి వచ్చేవాళ్ళు గులాబీల దగ్గర ఆగుతారు, కొలను దగ్గర ఆగుతారు, ఐస్‌క్రీం బండి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతారు. వెనక గోడ దాకా మాత్రం ఎవరూ రారు. పొరపాటున వచ్చినా ముక్కు మూసుకుని తిరిగిపోతారు. ఆ గోడ పక్కన ఆరు ఎరువు మడులున్నాయి. తోట మొత్తం ఊడ్చిన ఆకు, కోసిన గడ్డి, క్యాంటీన్ వాళ్ళు పారేసే తొక్కలు అన్నీ అక్కడికే చేరతాయి. అవి కుళ్ళి మట్టయ్యేదాకా చూసుకునే మనిషి కూడా అలాగే అక్కడికి చేరాడు.

అందరూ అతన్ని ఎరువాయన అంటారు. జీతం కాగితం మీద ఇంకో పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే అతనే పలకడు. పనిముట్ల కొట్టుకి ఆనుకుని ఒక గది. అందులో మంచం, స్టవ్వు, కుర్చీ. ఒకటే కుర్చీ. రెండోదాని అవసరం ఎప్పుడూ పడలేదు.

రోజూ పొద్దున్నే జ్వరం చూసినట్టు ఒక్కో మడిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. వేడి తగ్గిన మడిని పళ్ళ పారతో తిరగేసి, పలక మీద తారీకు రాస్తాడు. ఆ పలక అతను తప్ప ఎవరూ చదవరు. పదకొండేళ్ళలో ఆ మడుల్లో మొలిచేవన్నీ అతనికి పరిచయమయ్యాయి. పొద్దున తెల్లగా లేచి మధ్యాహ్నానికి నల్లగా కారిపోయే పుట్టగొడుగులకి సిరాబుడ్లని పేరు పెట్టాడు. చెక్కపొట్టు మీద బటానీ గింజంత గిన్నెలు, వాటిలో గుడ్లలాంటి పలుకులు, అవి పిట్టగూళ్ళు. ఇంకోటి నిటారుగా లేచి కుళ్ళిన మాంసం కంపు కొడుతుంది. దాని ఆకారం చూసి తోటమాలులు పొట్ట పట్టుకుని నవ్వి, పెద్ద మాలి ఊళ్ళో లేని రోజు చూసి దానికి పెద్ద మాలి అని పేరు పెట్టారు.

అసలు పెద్ద మాలి ఎరువాయనకి స్వయానా బావమరిది. ఈ ఉద్యోగం వేయించింది అతనే. అంతకు ముందు ఎరువాయన తాగేవాడు. ఏదో పండక్కో పబ్బానికో కాదు, పని దిగిన దాదాపు ప్రతి సాయంత్రం. ఇంటి తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉండేది. కిటికీ దగ్గరికి చిన్న పిల్ల వచ్చి మునివేళ్ళ మీద నిలబడేది. "ఊదు నాన్నా" అనేది. అతను వంగి ఊదేవాడు. ఆ పిల్ల లోపలికి తిరిగి, "అమ్మా, ఉంది" అనో, "అమ్మా, లేదు" అనో చెప్పేది. లేదంటే తలుపు తెరుచుకునేది. ఉందంటే అరుగే గతి. పదేళ్ళ పిల్లకి ప్రపంచంలో ఎవరూ అప్పజెప్పకూడని ఉద్యోగం అది. చివరికి భార్య పిల్లని తీసుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి జబ్బు చేసి పోయింది. ఆవిడ శవం దగ్గరికి కూడా అతను తూలుతూనే వెళ్ళాడు. అదే ఆఖరు. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. కానీ ముట్టలేదని చెప్పుకోవడానికి మనిషి ఉండాలి కదా. పిల్ల మేనమామ దగ్గరే పెరిగింది, కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరింది, తండ్రి ముఖం చూడలేదు.

అలాంటిది ఆ సోమవారం ఫోన్ చేసింది.

"ఆదివారం నాకు సెలవు. మీ గది చూడ్డానికి వద్దామనుకుంటున్నాను."

'మీ' అంది. చిన్నప్పుడు నువ్వు అనేది. "రా, రా" అన్నాడతను. ఫోన్ పెట్టేశాక క్యాంటీన్ వెనక పడేసిన కాలు విరిగిన కుర్చీ ఒకటి మోసుకొచ్చి మేకులు కొట్టాడు. కూర్చుని చూశాడు. లేచి ఇంకో మేకు కొట్టాడు.

బుధవారం పొద్దున బావమరిది వచ్చాడు. మూడో మడి అంచు దగ్గర ఆగాడు.

"ఏం బావా, రాత్రి గట్టిగానే పట్టించినట్టున్నావే."

ఎరువాయనకి అర్థం కాక అతని చూపు వెంట చూశాడు. చెక్కపొట్టు మీద పళ్ళెమంత మేర పసుపుపచ్చగా, నురగ నురగగా, తడిగా ఉంది. ఎవరు చూసినా కక్కే అంటారు.

"అది నాది కాదురా. బూజు. ఒకరకం బూజు."

"బూజా?"

"నిన్న సాయంత్రం ఆ దుంగ పక్కనుంది. ఇవాళ ఇక్కడికొచ్చింది. నడుస్తుందది."

బావమరిది అతని ముఖంలోకి చూశాడు. "నడుస్తోందా బావా?"

"ఆఁ."

"ఇంకా దిగలేదన్నమాట."

అతను వెళ్ళిపోయాడు. ఎరువాయన అక్కడే నిలబడ్డాడు. నిజం చెబితే ఇంత తాగుబోతు మాటలా వినిపిస్తుందని అతనికి తెలీదు. కాసేపటికి ఊడ్చే పిన్ని దగ్గరికి వెళ్ళాడు.

"నాలుగు చీపురుపుల్లలు ఇవ్వు పిన్నీ."

"పళ్ళు కుట్టుకోవడానికా?"

"బూజు చుట్టూ గుచ్చాలి. ఎంత నడిచిందో తెలుస్తుంది."

పిన్ని పుల్లలు విరిచి ఇస్తూ అతన్ని ఎగాదిగా చూసింది. "మళ్ళీ పెళ్ళి చేసుకో అబ్బాయ్. ఒంటరిగా ఉంటే ఇలాగే అవుతుంది."

గురువారం పొద్దుటికి బూజు ఒకవైపు పుల్లలు దాటి బెత్తెడు ముందుకెళ్ళింది. వెనకవైపు పుల్లల దగ్గర ఎండిన చారలే మిగిలాయి. ఎరువాయన గబగబా బావమరిదిని వెతుక్కుంటూ వెళ్ళాడు. గులాబీల దగ్గర లేడు, ఆఫీసులో లేడు. తిరిగి వచ్చేసరికి అతను మూడో మడి దగ్గరే ఉన్నాడు, చేతిలో నీళ్ళ గొట్టంతో.

"ఆపరా, ఆపు. పుల్లలు చూడు."

"రేపు పైవాళ్ళు వస్తున్నారు బావా. ఇది చూస్తే నీ ఉద్యోగం, దాంతోపాటు నాదీ." నీళ్ళ ధాటికి పసుపు ముద్ద ముక్కలై మడి అంతటా కొట్టుకుపోయింది. పుల్లలూ పోయాయి. "నీది నేను గుర్తుపట్టలేనా? మా అక్క గుమ్మం ముందు ఎన్నిసార్లు కడగలేదు?"

చాలాసార్లు కడిగాడు. అది నిజం.

"పిల్లకి ఫోన్ చేసి చెప్పాను" అన్నాడు బావమరిది గొట్టం చుట్టుకుంటూ. "దాచిపెడితే రేపు నన్నంటుంది."

"ఏమంది?"

"సరే అంది."

సరే అంటే వస్తాననా, రాననా? ఆ ఒక్క మాట పట్టుకుని అతను రెండు రోజులు గడిపాడు. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి ఆపేశాడు. ఏమని చెబుతాడు? నేను కాదమ్మా, బూజు అని చెబుతాడా? వెనకటికి ఇంతకన్నా నమ్మదగ్గ కథలు చెప్పినా ఆ పిల్ల నమ్మలేదు, నమ్మకపోవడమే సరైంది కూడా. శుక్రవారం పైవాళ్ళు రానేలేదు. ఎరువాయన నాలుగో మడి తిరగేశాడు. ఐదోది తిరగేయాల్సిన రోజు కాకపోయినా తిరగేశాడు. పలక మీద తారీకులు రాశాడు.

శనివారం పొద్దున బావమరిది తనే వచ్చి పిలిచాడు.

"బావా, ఇలా రా ఒకసారి."

మూడో మడిలో ఒకటి కాదు, మూడు చోట్ల లేచింది. నీళ్ళు ఎక్కడెక్కడికి తోశాయో అక్కడల్లా పసుపుపచ్చగా పొంగింది. ఒకటైతే మడి అంచున నిలబెట్టిన చెక్క ఎక్కి నడుమెత్తు దాకా పాకింది. నిలువుగా కక్కగలిగే మనిషి ఇంకా పుట్టలేదు.

బావమరిది చాలాసేపు చూశాడు. పుల్లతో పొడిచి చూశాడు. "ఇది నిజంగా బూజే బావా."

"ఆఁ."

"నువ్వు చెప్పావు కూడా."

"ఆఁ."

"తిట్టరాదా నన్ను, అలా ఆఁ ఆఁ అనే బదులు."

"పిల్లకి చెప్పు" అన్నాడు ఎరువాయన.

బావమరిది అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. బూజు అన్నాడు, నేనే పొరబడ్డానమ్మా అన్నాడు, నా కళ్ళతో చూశాను అన్నాడు. అవతలి మాట వినపడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, "సరే అంది" అన్నాడు.

ఆదివారం ఎరువాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గది తుడిచి, రెండు కుర్చీలూ ఎదురెదురుగా వేశాడు. విచారణకి వేసినట్టు అనిపించి పక్కపక్కన వేశాడు. గది తలుపుకి తాళం వేసి మడుల దగ్గర నిలబడ్డాడు. పది అయింది. రెండయింది. తోట నిండా జనం, పిల్లల అరుపులు, బండివాడి గంట. ఈ చివరకి ఎవరూ రాలేదు. ఎండకి బూజు పైన బూడిదరంగు పెచ్చు కట్టింది. చెక్క మీదిది రాలిపోయింది. ఉన్న ఒక్క సాక్షీ కళ్ళముందే మాసిపోతోంది. నాలుగయింది.

నాలుగున్నరకి ఆమె వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది, పొడుగైంది. వాళ్ళమ్మ నడక. కాస్త దూరంలో ఆగింది.

"ఏది?" అంది.

అతను చూపించాడు. "ఎండిపోయింది. నిన్నైతే పసుపుపచ్చగా ఉంది. నిన్న వచ్చుంటే..." ఆ మాట తప్పుగా వచ్చిందని తెలిసి ఆపేశాడు. పుల్లతో పెచ్చు తాకాడు. లోపలినుంచి ముదురు గోధుమరంగు పొడి పొగలా లేచింది.

ఆమె ఆ పొడిని చూడలేదు. అతని నోటివైపు చూసింది. ఎరువాయనకి మెడ దానంతటదే వంగబోయింది. ఇన్నేళ్ళయినా ఒళ్ళు మరిచిపోలేదు. ఊదమంటే ఊదుతాడు, అందులో సిగ్గేముంది. ఆమె ఊదమనలేదు. చేతిసంచి భుజం మీదికి తోసుకుని, మడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తలవంచి ఆ పెచ్చుని వాసన చూసింది. కళ్ళజోడు జారితే పైకి తోసుకుని ఇంకోసారి చూసింది.

"లేదు" అంది.

అతనితో అన్నట్టు లేదు. తల పక్కకి తిప్పి, వెనక ఎవరో వింటున్నట్టు అంది. అన్నాక, ఎవరికి చెప్పిందో ఆమెకీ తెలిసింది. ఇద్దరూ అటే చూశారు. అటు పనిముట్ల కొట్టు, తాళం వేసిన గది. తలుపు తీయడానికి లోపల ఎవరూ లేరు.

ఎరువాయన చేతులు చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి తాళంచెవి తీసి, తనే వెళ్ళి తలుపు తీశాడు.