తొమ్మిదో నంబరు చోటు

మార్చి నెల. చెరువు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. టామరాక్ హాలో స్టేట్ పార్కులో పురుగు కూడా లేదు. ఆర్డిస్ క్వాలీ ఒక్కతే బట్టలారేసే తాడు చుట్ట చేత్తో పట్టుకుని క్యాంపు చోట్లన్నీ కొలుచుకుంటూ తిరుగుతోంది. కరెంటు పెట్టెకి తాడు కొస కట్టడం, ఒడ్డు వైపు నడవడం, మధ్యలోనే తాడు అయిపోతే తిట్టుకుంటూ వెనక్కి రావడం. ఆ తాడు పొడవు యాభై అడుగులు. ఆమె భర్త లోవెల్ ముక్కుకి పెట్టుకునే ఆక్సిజన్ గొట్టం పొడవూ అంతే.

తొమ్మిదో నంబరు దగ్గర తాడు ఒడ్డు దాటి మంచు మీదికి కూడా పోయింది. "దొరికావే" అని ఆమె పైకే అనేసింది.

లోవెల్ ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లో ధాన్యం గిడ్డంగిలో పనిచేశాడు. అయోవా పొలాల్లో పండిన మొక్కజొన్న, సోయా లారీల్లో వచ్చి పడుతుంటే ఆ దుమ్ములోనే నిలబడ్డాడు. ఆర్డిస్ బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకి వండి పెట్టింది. ఇద్దరూ ఒకే ఏడు పని మానేసి, ఎవరో వాడి అమ్ముతున్న ముప్పై ఒక్క అడుగుల ఆర్వీ కొన్నారు. పడక, పొయ్యి, స్నానాలగది, అన్నీ చక్రాల మీదే. పడమటి కొండలు, ఆ తర్వాత సముద్రం, అని ఫ్రిజ్ తలుపు మీద పటం అంటించారు. ఐదు నెలలకి లోవెల్ ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూపించాడు డాక్టరు. ఆర్వీ గరాజ్ పక్కన రెండేళ్లు కదలకుండా పడి ఉంది.

"ఆసుపత్రికి గంట దూరం దాటి వెళ్లొద్దు" అన్నాడు డాక్టరు. ఆ గంటలో ఉన్నది ఈ పార్కొక్కటే. పంతొమ్మిది చోట్లు, ఒక స్నానాల షెడ్డు, ఓ చిన్న చెరువు. ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లు వచ్చే పార్కు. లోవెల్ మాత్రం చిన్నప్పుడు వాళ్ల నాన్నతో అక్కడే చేపలు పట్టడం నేర్చుకున్నాడు.

ఆర్డిస్ వంటింటి బల్ల నిండా కాగితాలు పరిచింది. ఆక్సిజన్ యంత్రానికి ఎంత కరెంటు కావాలి, కరెంటు పోతే సిలిండర్లు ఎన్ని గంటలు వస్తాయి, ఏ చోటు చదునుగా ఉంది, మురుగు తొట్టి ఎక్కడ ఖాళీ చేయాలి.

"పంతొమ్మిది చోట్ల పార్కుకి ఇన్ని కాగితాలా? రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ ఒడ్డున దిగిన సైన్యం వాళ్లు కూడా ఇంత ప్లాను వేసుండరు" అన్నాడు లోవెల్.

"నువ్వు నోరు మూసుకుని గాలి పీల్చుకో."

సెప్టెంబరు చోట్లకి బుకింగు జూన్‌లో తెరిచారు. ఆ రోజు పొద్దున ఆర్డిస్ లైబ్రరీలో కంప్యూటరు ముందు అరగంట ముందే కూర్చుని, తెరిచీ తెరవగానే తొమ్మిదో నంబరు నొక్కేసింది. నాలుగు రాత్రులు. అచ్చు తీసిన కాగితం ఫ్రిజ్ మీద పటం పక్కన పెట్టింది. అంతటితో ఆ పని అయిపోయిందనుకుంది.

బండి నడపడం మిగిలింది. అదెప్పుడూ లోవెల్ పనే. మంగళవారాలు చర్చి వెనక ఖాళీ స్థలంలో ఆమె వెనక్కి తోలడం నేర్చుకుంది. అతను చిన్న సిలిండరు ఒళ్లో పెట్టుకుని మడత కుర్చీలో కూర్చునేవాడు. అరవడానికి ఊపిరి లేదు కాబట్టి టోపీ పైకెత్తితే ఆగమని అర్థం. ఒకసారి టోపీ ఎత్తేలోపే చెత్తడబ్బా పచ్చడైంది.

"అది తప్పుకోవాల్సింది" అంది ఆర్డిస్ దిగి వచ్చి.

లోవెల్ నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి పావుగంట తెరిపివ్వలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గరాజ్‌లోకి వెళ్తే అతను గేలాలు ముందేసుకుని కనిపించాడు. పాత దారం లాగేసి కొత్త దారం చుడుతున్నాడు. మూడు చుట్లకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆర్డిస్ అలికిడి కాకుండా వెనక్కి వచ్చి సింకు పట్టుకుని నిలబడింది. అప్పటిదాకా ఈ ప్రయాణం తనది, అతను తన మాట కాదనలేక వస్తున్నాడు. ఇప్పుడతను కూడా ఆశ పడ్డాడు. ఆ సాయంత్రం ఆమె కాగితాలన్నీ మళ్లీ మొదట్నుంచీ సరిచూసింది.

సెప్టెంబరులో ఒక బుధవారం బయల్దేరారు. నలభై నిమిషాల దారి ఆమె గంటలో నడిపింది. చెట్ల మలుపు తిరగగానే ముందు చూసింది లోవెల్.

"ఆర్డిస్, నీళ్లేవి?"

చెరువు ఉండాల్సిన చోట నెర్రెలిచ్చిన బురద. పాత టైర్లు, బీరు డబ్బాలు, నడుమ మోకాలెత్తు పిచ్చిమొక్కలు. అవతలి గట్టు మీద పొక్లెయిను నిలబడి ఉంది. క్యాంపు చోట్లన్నీ ఖాళీ.

పార్కు రేంజరు జోలీన్ అనే నడివయసు మనిషి బండి కిటికీ దగ్గరికి వచ్చింది. "గట్టు కారుతోందని ఆగస్టులో నీళ్లు వదిలేశామండీ. జూలైలోనే అందరికీ మెయిల్ పెట్టాం. మిగతావాళ్లు రద్దు చేసుకున్నారు. మీరు చేసుకోలేదు కదా, ఏకాంతంగా ఉండడానికి వస్తున్నారేమో అనుకున్నా."

ఆ మెయిల్ ప్రకటనల కుప్పలో ఎక్కడో పడి ఉంటుంది. ఆర్డిస్ దాన్ని చూడనేలేదు.

"మళ్లీ ఎప్పుడు నింపుతారు?" అడిగాడు లోవెల్.

"వచ్చే ఏడాది ఆఖరికండీ. చేపలు ఎదగడానికి ఇంకో రెండు మూడేళ్లు."

డాక్టరు దగ్గర ఊపినట్టే తలూపాడు.

ఆర్డిస్ స్టీరింగు పట్టుకుని బండిని తొమ్మిదో నంబరులోకి వెనక్కి తోలింది. ఒక్కసారికే, గీత గీసినట్టు వచ్చి ఆగింది. పక్కకి తిరిగి చూస్తే లోవెల్ అద్దంలోంచి ఆ బురద వైపే చూస్తున్నాడు. ఆమె ఎలా తోలిందో అతను గమనించలేదు.

కరెంటు తగిలించింది. యంత్రం ఆడింది. గొట్టం ఒడ్డు దాకా చక్కగా అందింది. కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టి, గుడ్డు శాండ్‌విచ్చీ, థర్మోస్‌లో కాఫీ తెచ్చి పెట్టింది. అతను సగం తిన్నాడు.

"ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది. అన్నీ అడిగాను, నీళ్లున్నాయా అని అడగలేదు" అంది.

"ఎవరు అడుగుతారు అలా."

"తిట్టు లోవెల్. ఒక్కసారి తిట్టు నన్ను."

"ఊపిరి దండగ" అన్నాడు.

అది హాస్యమో, నిజంగా అన్నదో ఆమెకి తెలియలేదు. తర్వాత కూడా తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ఇంటికి పోదామన్నాడు.

"ఇంకా మూడు రాత్రులున్నాయి."

"నా కుర్చీలో కూర్చోవాలనుంది."

గొట్టాలు చుడుతూ ఆర్డిస్ మాట్లాడుతూనే ఉంది. వచ్చే వసంతంలో వెళ్లడానికి మిన్నెసోటా సరిహద్దులో ఇంకో పార్కుందట, దాని పక్క ఊళ్లో ఆసుపత్రి కూడా ఉందట, ముందే ఫోను చేసి అన్నీ కనుక్కుంటానంది.

లోవెల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు. నా కోసం ఇంకెక్కడికీ ప్లాను వేయకు."

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి, పెట్రోలు కొట్టించకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. అతను నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడో ఏమో.

డిసెంబరు మొదటివారంలో లోవెల్ పోయాడు. ఆర్వీ అమ్మేయమని కొడుకు రెండుసార్లు ఫోను చేసి చెప్పాడు. ఆమె సరే అంటూనే రెండు చలికాలాలు గడిపేసింది. ఆ తర్వాతి వసంతంలో చర్చిలో కాఫీ దగ్గర ఒకావిడ అంది, "టామరాక్ చెరువు నిండిందట ఆర్డిస్. చేపపిల్లల్ని కూడా వదిలారట. ఒకసారి వెళ్లి చూసి రారాదూ?"

"చూద్దాం" అంది ఆర్డిస్.

ఆ వారంలోనే బండ్లు కొనేవాడికి కబురు పెట్టింది. అతను వచ్చి ఆర్వీ లాక్కుపోతుంటే ఆమె బయటికి రాలేదు. వంటింట్లో బల్ల ముందు కూర్చుని, ఆ చప్పుడు వీధి మలుపు దాటేదాకా విన్నది.