ఆడబిడ్డ పెట్టిన పేరు

పెళ్లై జనగామ నుంచి డోర్నకల్ రైల్వే క్వార్టర్‌కు కాపురానికి వచ్చిన కొత్త. మా ఆడబిడ్డ స్వరూపకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. మావారు నైట్ డ్యూటీకి వెళితే ఇద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్లం.

స్వరూప ఇంట్లో అందరికీ సైగల పేర్లు పెట్టింది. నుదుట పెద్ద బొట్టు దిద్దినట్టు చేస్తే అత్తమ్మ, జెండా ఊపితే గార్డుగా పనిచేసే మావారు. నాకైతే గుండె మీద అరచెయ్యి పెట్టి పైకీ కిందికీ ఆడించేది. మంచి మనసున్న వదిన అంటోందని మురిసిపోయాను.

ఒకరోజు ఇంటినిండా చుట్టాలుంటే ఆ సంగతే గొప్పగా చెప్పాను. అత్తమ్మ పడిపడి నవ్వింది.

"మనసు కాదు బిడ్డా, గది నీ గురక!"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఊరుకోలేక, "వినపడని పిల్లకు గురక సంగతి ఎట్ల ఎరుకైంది అత్తమ్మా?" అన్నాను.

అత్తమ్మ సైగలతో ఆ మాటే అడిగితే, స్వరూప మంచం పట్టుకుని గడగడా ఊపింది.

"గూడ్సుబండి పోయినట్టు అదురుతదట!" అంది అత్తమ్మ. చుట్టాల నవ్వులకు ఇల్లు అదిరింది. ఆ పేరు మార్చమని స్వరూపను ఎంత బతిమాలానో!

మొన్న పుట్టింట్లో వారం ఉండి వచ్చాను. స్వరూప మంచం మీద చెయ్యి కదలకుండా పెట్టి, తన ఎర్రటి కళ్లు చూపించి, తల అడ్డంగా ఊపింది.

మంచం అదరక నిద్ర పట్టలేదట! ఇక పేరు మార్చమని ఎలా అడగను?