తిప్పన్న జీపు, నా తెల్లకారు

మొన్న బుధవారం మధ్యాహ్నం, మా వీధి చివర ప్లాట్ల వ్యాపారం చేసే నాగేంద్ర కొత్తకారు తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. టైర్ల కింద నలిగిన నిమ్మకాయ తొక్కలు, బానెట్ మీద ఇంకా ఆరని పసుపు కుంకుమ. "పెద్దాయనా, ఒకసారి కూచోని చూడు" అని తలుపు తీశాడు. సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఎండకు కాగి, లోపలి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. రబ్బరు, జిగురు, కొత్త గుడ్డ కలిసిన వాసన. కూర్చుంటే ఆ కవరు నా పంచె కింద చరచరమంది. రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. బాగుందని చెప్పి ఇంట్లోకి వచ్చి, బీరువా మీది రేకుపెట్టె దింపించి డైరీలు బయటికి తీశాను. పెళ్లికి ముందునుంచీ ఒక్కరోజు తప్పకుండా రాస్తున్నాను. నాకు కావలసినవి తిప్పేస్వామి ఉన్న సంవత్సరాలు. పెద్దగా వెతకనక్కరలేకపోయింది. ఆ డైరీల్లో ఆయన పేరు లేని వారం లేదు.

తిప్పేస్వామిని మీరెవరూ చూసి ఉండరు. భూముల బ్రోకరు. అందరూ తిప్పన్న అనేవారు. పొట్టి మనిషి, మోకాళ్లు దాటి అంతగా కిందికి దిగని పంచె, నవ్వితే కళ్లు కనిపించవు. ఆయన జీపు రంగేమిటని అడిగితే ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పేవారు కాదు. పెయింటు లేచిపోయి తుప్పు, తుప్పు మీద ఎర్రదుమ్ము. ఎడమవైపు తలుపు గడియ ఊడిపోతే నులకతాడుతో కట్టుకున్నాడు. నేను అప్పట్లో రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఒకాయన దగ్గర గుమాస్తాను. ఒకరోజు తిప్పన్న నా దస్తూరి చూసి, "ఏమప్పా రామాంజీ, ఈడ కూచోని భూములోళ్ల పేర్లు రాసేదేనా? నాతో రా, ఆ భూములు యాడుండాయో చూపిస్తా" అన్నాడు. ఆ మాటకే వెళ్లిపోయాను. పదకొండేళ్లు ఆ జీపులో తిరిగాను.

ఆయన పద్ధతులు నాకు మొదట్లో పిచ్చివిగా కనిపించేవి. వాన పడిన నెలలో ఎవరికీ భూమి చూపించేవాడు కాదు. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్లు పచ్చటి గట్లు చూసి మురిసిపోతుంటే, "ఇప్పుడొద్దు సార్, ఎండాకాలం రాండి" అని తిప్పి పంపేవాడు. నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. "చేతికొచ్చిన పార్టీని పంపిస్తివే అన్నా" అంటే, "ఇప్పుడు చూపిస్తే మనం అమ్మేది మబ్బునప్పా, భూమిని కాదు" అనేవాడు. జీపులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దానికి కూడా ఆయనకొక పట్టు ఉండేది. అమ్మే రైతు ముందు సీటులో, తన పక్కన. కొనేవాడు ఎంత పెద్దమనిషైనా వెనక. ఒకసారి యాడికి అనే ఊరి దగ్గర భూమి చూడడానికి వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన, వెనక నడుం పట్టేస్తుందని, ముందు తనే కూర్చుంటానని అన్నాడు. తిప్పన్న నవ్వి, "భూమి ఇంగా ఆయప్పదే గదా సేటూ. నీదైన రోజు నువ్వే ముందు కూచో, నేను ఎనక్కి పోతా" అని నులకతాడు విప్పి రైతును ఎక్కించాడు. వ్యాపారి ఆ రోజు ముఖం ముడుచుకున్నాడు. రిజిస్ట్రేషను అయిన రోజు మాత్రం మాట గుర్తుపెట్టుకొని ముందు సీటు అడిగాడు. తిప్పన్న తాళంచెవి నా చేతిలో పెట్టి, చెప్పిన మాట ప్రకారం వెనక్కి పోయి కూర్చుని, ఊరు చేరేదాకా నడుం పట్టుకుని మూలుగుతూ అందరినీ నవ్వించాడు.

ఇప్పుడు ఇవన్నీ ఇష్టంగా రాస్తున్నాను. అప్పుడు ఇంత ఇష్టంగా చూడలేదు. కాగితాల పనంతా నాది. సర్వే నంబరులో తేడా, పాసుపుస్తకంలో తప్పు, అన్నదమ్ముల పంపకంలో మెలిక, ఏదైనా పట్టుకునేది నేను. పేరు ఆయనది. ఏ ఊరికి నేను ఒక్కణ్ణే వెళ్లినా, జనం నా భుజం మీదుగా వెనక్కి చూసి "తిప్పన్న రాలేదా?" అనేవారు. ఆ ప్రశ్న ఏ ఊర్లో ఎన్నిసార్లు విన్నానో డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను. తనకల్లులో ఒకే పూట నాలుగుసార్లు అని ఒకచోట ఉంది. ఇంకొన్నాళ్లకు ఆయన జీపు ఏ రోజు ఏ దారిన పోయిందో కూడా రాసేవాణ్ణి. ఒక సంవత్సరం డైరీ తిరగేస్తే అది నాదో ఆయనదో తెలియదు. చివరికి, ఇదంతా ఆ జీపు మహిమేనని తేల్చుకున్నాను. దాని చప్పుడు వినగానే ఎవరొస్తున్నారో ఊరికి తెలిసిపోతుంది. నేను మోటారు సైకిలు మీద పోతే ఎవడో బిల్లు కట్టించుకునేవాడు వచ్చాడనుకుంటారు. నాకూ ఒక బండి ఉంటే, అదీ ఆయనదానికంటే పెద్దది, తెల్లగా మెరిసేది ఉంటే, అప్పుడు చూద్దామనుకున్నాను.

"ఆయప్ప జీపు మింద నీకేంటికి అంత కడుపుమంట?" అంది నా భార్య జయమ్మ.

"కడుపుమంట కాదు, యాపారం."

"యాపారమైతే అన్నం తినేటప్పుడు గూడా ఆయప్ప మాటేనా?"

తిప్పన్న దగ్గర పని మానుకున్నాను. ఆ ఉగాదికి తెల్లకారు మా వాకిట్లో ఉంది.

కారు పనిచేయలేదని చెబితే అబద్ధమవుతుంది. బాగా పనిచేసింది. బెంగుళూరు పార్టీలు ఏసీలో కూర్చుని నన్ను "సార్" అన్నారు. నేను దిగితే టీకొట్టు బెంచీ మీది మనుషులు జరిగి చోటిచ్చేవారు. అంతకుముందు నా ఫోను ఎత్తనివాళ్లు తామే చేసేవారు. అదే మనిషిని, అవే కాగితాలు, అదే చొక్కా. మారింది నాలుగు చక్రాలు. మూడు నెలలు నేల మీద నడవలేదు. సీట్ల ప్లాస్టిక్ కవరు మాత్రం తియ్యలేదు. కొత్తది కొత్తగానే ఉండాలని నా పట్టుదల.

ఆ రోజుల్లోనే పెట్రోలు బంకు దగ్గర తిప్పన్న ఎదురయ్యాడు. ఈ క్షణం కోసమే కారు కొన్నానేమో అనిపించింది. ఆయన జీపు దిగి, నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "శానా బాగుండాదప్పా. ఏసీ ఉండాదా? ఒక చుట్టు తిప్పు" అని ఎక్కి కూర్చున్నాడు. చల్లటి గాలి వచ్చే రంధ్రం దగ్గర ముఖం పెట్టి కళ్లు మూసుకున్నాడు. బెళుగుప్ప రోడ్డు దాకా వెళ్లి వచ్చాం. దారి పొడవునా నేను రోడ్డు కంటే ఆయన ముఖమే ఎక్కువ చూశాను. ఎక్కడైనా చిన్న ముల్లు కనిపిస్తుందేమోనని. లేదు. దిగి, నా వీపు తట్టి, "పైకొస్తివి రామాంజీ" అని తన జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన అసూయపడి ఉంటే నేను బాగుపడేవాణ్ణేమో. పడలేదు.

కంబదూరు దగ్గర లాలెప్ప అనే రైతుకు రోడ్డు పక్కన పన్నెండెకరాల ఎర్రనేల ఉండేది. బోరులో నీళ్లున్న భూమి. అది అమ్మబోతున్నాడని తెలిసి బ్రోకర్లందరం కాచుకుని ఉన్నాం. ఆ భూమి ఎవరి చేతిమీదుగా పోతే, ఆ రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లన్నీ ఇక వాడి పేరే చెబుతాయి. నాకు డబ్బుకంటే అది కావాలి. ఒక్క రోడ్డు మీదైనా తిప్పన్న పేరు కాకుండా నా పేరు వినాలి. దానిమ్మతోట పెట్టాలనుకుంటున్న ఒక బెంగుళూరు ఆయనను వెతికి తెచ్చాను. ఎండాకాలమే తెచ్చాను. అమ్మేవాణ్ణే ముందు సీటులో కూర్చోబెట్టాలని కూడా ముందే అనుకున్నాను. తిప్పన్న దగ్గర నేర్చుకున్నది ఒక్కటీ వదలలేదు.

మేము వెళ్లేసరికి లాలెప్ప టమాటా మళ్లకు నీళ్లు కడుతున్నాడు. గట్టు మీదికి వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రబురద. "రాన్నా, ముందు కూచో" అని నేనే తలుపు తీశాను. తీసి, ఆయన కాళ్లు చూసి, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెనకనుంచి దినపత్రిక తెచ్చి సీటు మీద ఒక పొర, కింద రెండు పొరలు నీటుగా పరిచాను. మడతలు కూడా సరిచేశాను. లాలెప్ప ఆ పేపరు వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"మీరు పోతాండండప్పా. నేను నడ్సుకుంటా వస్తా."

"ఎండన్నా, ఎక్కు."

"ఈ ఎండ నాకు కొత్తా? పోతాండు."

అమ్మే భూమి అక్కణ్ణుంచి కిలోమీటరు దూరం. కారు మెల్లగా ముందు, లాలెప్ప వెనక. అద్దంలో ఆయన కనిపిస్తూనే ఉన్నాడు. భూమి అంతా చూపించాడు, బోరు ఆన్ చేసి నీళ్లు చూపించాడు, అడిగినవాటికి జవాబు చెప్పాడు. అంతా అయ్యాక, "ఇప్పుడు అమ్మే ఆలోచన లేదప్పా" అని చేతులు జోడించాడు. ఎంత అడిగినా ఇంకో మాట లేదు.

మూడు వారాల తర్వాత తిప్పన్న కబురు పంపాడు, ఉదయం రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మని. వెళ్లి చూస్తే వరండాలో లాలెప్ప, ఆయన పక్కన నేను తెచ్చిన బెంగుళూరు ఆయన. తిప్పన్నను పక్కకు లాగి, "నా పార్టీని లాక్కుంటివి గదన్నా" అన్నాను. ఆఫీసులో తలలు మావైపు తిరిగాయి.

"లాక్కోలేదప్పా. లాలెప్ప నా దగ్గరికి వచ్చినాడు. రామాంజి తెచ్చినాయప్ప మంచోడే, భూమి ఆయప్పకే ఇస్తానన్నాడు. అందుకే నిన్ను పిలిపిస్తి. పార్టీని తెచ్చింది నువ్వు. సాక్షి సంతకం ముందు నీదే."

"మరి నా చేతిమీదుగా ఏంటికి అమ్మలే? నా కారు ఆయప్పకు ఏం పాపం చేసింది?"

"కారు బాగుండాది గదా. ఇంత పెద్దకారు మా ఊరికొచ్చిందని లాలెప్ప ఊరంతా చెప్పుకొన్నాడు. పేపరు ఏంటికి పరిస్తివి?"

"మన్ను అంటుతుందని."

"యా మన్నప్పా? నువ్వు అమ్మబోయే మన్నే గదా."

ఆయన నన్ను జీపు దాకా నడిపించుకుపోయి, దాని తుప్పు మీద అరచేయి పెట్టాడు. "దీనికి రంగు కొట్టిచ్చేదానికి నా దగ్గర దుడ్లు లేవనుకుంటివా? నువ్వు రాకముందు రెండుసార్లు కొట్టిచ్చినా. రంగు కొట్టిచ్చిన నెల ఒక్క రైతు గూడా కాలు కడుక్కోకుండా ఎక్కలే. కాలు కడుక్కొని ఎక్కినోడు మర్యాదగా మాట్లాడి దిగిపోతాడు రామాంజీ, మనసులో మాట చెప్పడు. అందుకే వదిలేస్తి. బండిని చూసి మనిషిని కొలుస్తారప్పా. కొలవరని ఎవరన్నా చెప్తే నమ్మాకు. ఎవరి కొలతకు మనం రావల్లనో అది మనం చూసుకోవల్ల."

ఆ మాట నన్ను ఓదార్చిందని అనుకోకండి. ఇంకా కాల్చింది. ఇన్నేళ్లూ ఆ జీపు ఆయన పేదరికమనీ, అజాగ్రత్త అనీ, అదృష్టమనీ అనుకున్నాను. అదంతా నేను కారు గురించి ఆలోచించకముందే ఆయన ఆలోచించి, తేల్చి, పక్కన పెట్టిన సంగతి. నేను బెంగుళూరు వాళ్లకు కనిపించాలని బండి కొన్నాను. ఆయన రైతుకు కనిపించాలని తన బండిని అలా ఉంచుకున్నాడు. అందులోనూ ఆయనే ముందు. లోపలికి వెళ్లి మొదటి సాక్షిగా సంతకం చేశాను. సాయంత్రం ఇంటికొచ్చి కూరగాయల కత్తితో సీట్ల కవర్లు కోసి పారేశాను. జయమ్మ చీపురు తెచ్చి ఆ ముక్కలు ఊడ్చింది.

మళ్లీ ఆయన దగ్గర పనికి పోలేదు. పోవాల్సింది. ఒక్కసారైనా వెళ్లి, నువ్వు చెప్పింది నిజమన్నా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రోడ్డు మీద ఆయన, ఈ రోడ్డు మీద నేను. ఆయన చెప్పినట్టే చేశాను, ఆయన చెప్పాడని ఎవరికీ చెప్పకుండా చేశాను. నా కారు లోపల ఎర్రమన్ను పేరుకుంది. సీటు గుడ్డ అసలు రంగేదో నాకే గుర్తులేకుండా పోయింది. నాకూ ఊళ్లు కలిసొచ్చాయి. ఆయన గుండెపోటుతో పోయిన రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: తిప్పన్న లేడు. దాని కింద పేజీ మిగిలిపోయింది. నేను పేజీ వదిలిన రోజు నా జన్మలో అదొక్కటే.

ఆ తర్వాతి ఎండాకాలం లాలెప్ప మా ఇంటికి వచ్చాడు. ఇల్లు ఉన్న పక్క మూడెకరాలు కూడా అమ్మేస్తానని, నన్నే చూడమని అడిగాడు. ఇద్దరం కారులో కంబదూరు బయలుదేరాం. ముందు సీటులో కాళ్లు చాపుకుని కూర్చుని దారంతా తిప్పన్న కబుర్లే చెప్పాడు. ఆయన జోకులు, ఆయన తిట్లు, ఆయన ఎవరి పెళ్లికి ఎలా వచ్చాడు. నేను ఊఁ కొడుతున్నాను. ఊరు దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగి, "నువ్వు గూడా అచ్చం తిప్పన్న మాదిరే అయిపోతివి రామాంజీ" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ రోడ్డు మీద వినాలని అన్నేళ్లు ఎదురుచూసిన మాటకు అంతకంటే దగ్గరగా ఏదీ రాలేదు, ఇక రాదు కూడా. సంతోషించి ఉండాల్సింది. మాదిరి అన్నాడు కదా, ఆయన మాదిరి అన్నాడు కదా అని స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

వ్యాపారం మానేసి చాలా ఏళ్లయింది. తిప్పన్న పోయిన వయసు నేను దాటేశాను. ఆయన నేర్పిన పని తప్ప నేను చేసిన మంచిపని ఇంకొకటి లేదని ఇప్పుడు ఎవరితోనైనా చెప్పగలను. అయినా పెళ్లిళ్లలో, టీకొట్ల దగ్గర పాతకాలపు బ్రోకర్ల మాట వచ్చి, ఎవరైనా మా ఇద్దరినీ కలిపి తలిస్తే, నా చేతిలో గ్లాసు ఆగిపోతుంది. ముందు ఎవరి పేరు చెబుతారా అని వింటాను. ఇంతవరకు ఒక్కరూ నా పేరు ముందు చెప్పలేదు.