ట్యాంకుల ఆటలో మొదటి పేరు

పాత వీడియో గేముల మాట వస్తే చాలు, నా వయసు వాళ్ళంతా ఒక్కసారిగా మెత్తబడిపోతారు. క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టడం, నల్ల టేపు చుట్టిన జాయ్‌స్టిక్, టీవీ వెనక వదులైన వైరు, అన్నీ బంగారమే వాళ్ళకి. "ఆ రోజులే వేరు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆటలంటే నాకూ ప్రాణమే. మంట కూడా అందుకే.

మొన్న మా క్యాంపస్‌లో విద్యార్థులు ఫెస్ట్ పెట్టారు. మా ఆఫీసు ముందున్న చెట్ల కింద ఒక బల్ల వేసి, ఎక్కడినుంచో సంపాదించిన పాత డబ్బా టీవీ, దానికొక గేమ్ సెట్టు పెట్టారు. నేను ఈ యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మార్కుల మెమోల్లో తప్పుపడిన పేర్లు సరిచేయడం నా పని. లంచ్‌కి బయటికొచ్చేసరికి ఆ బల్ల దగ్గర మా తమ్ముడు కనిపించాడు. ఇక్కడ చదివినవాడు కదా, ఫెస్ట్ చూడటానికి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడట. చుట్టూ పదిమంది విద్యార్థుల్ని పోగేసుకుని కథ చెబుతున్నాడు.

"తార్నాకల అప్పట్ల ఒక గేమ్ షాప్ ఉండె. ట్యాంకుల ఆటల నా రికార్డు రెండేండ్లు ఎవ్వడు కొట్టలే. షాపాయన బోర్డు మీద నా పేరు రాసిండు, తెల్సా!"

పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రికార్డు వాడిది కాదు. నాది.

తార్నాక మెయిన్ రోడ్డు నుంచి లాలాపేట్ వైపు తిరిగే ఒక గల్లీలో ఉండేది ఆ షాపు. ఆకుపచ్చ కర్టెన్, దాని వెనక నాలుగు టీవీలు, ఉక్కపోత. నడిపే ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. మసీదు నుంచి అజాన్ వినబడగానే నాలుగు టీవీల సౌండూ తీసేసేవాడు. ఆ కాసేపూ చప్పుడు లేకుండానే ట్యాంకులు పేలేవి. నేను ఇంటర్, తమ్ముడు ఎనిమిదో తరగతి. అలాంటి చోటికి ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళడమన్న మాటే లేదు. కానీ వాడు బడి వదలగానే అక్కడే పడి ఉంటున్నాడని అమ్మ నన్ను కాపలాకి పంపింది. "వాడు ఖరాబ్ గాకుంట చూస్కో" అంది. నేను వాణ్ణి చూసుకోలేదు. టీవీని చూసుకున్నాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. ట్యాంకుల ఆటలో స్క్రీన్ అడుగున, ఇటుక గోడల మధ్య ఒక పక్షి బొమ్మ ఉంటుంది. శత్రువుల ట్యాంకులు పైనుంచి దిగుతాయి. పక్షికి గుండు తగిలిందా, నీకెన్ని ప్రాణాలు మిగిలి ఉన్నా ఆట ముగిసినట్టే. తమ్ముడు మొదలవగానే శూరుడిలా పైకి దూకేవాడు. వెనక ట్యాంకు దిగితే కంగారుగా తిరిగి కాల్చి, తన పక్షిని తనే చంపుకునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. నేను పక్షిని విడిచి కదిలేదాన్ని కాదు. ఏ ట్యాంకు ఏ మూల నుంచి ఎప్పుడు దిగుతుందో చూసి చూసి పట్టేశాను. అది పట్టుబడిన రోజు నాకెంత సంతోషమో! ఇప్పుడు తలుచుకున్నా బొటనవేళ్ళు కదులుతాయి. నేను తెలివైనదాన్నని నాకు నేనే అనుకున్నది ఆ ఉక్కగదిలోనే.

ఒకరోజు స్టేజీలన్నీ దాటేశాను. ఆట మళ్ళీ మొదటికి వచ్చింది. మిగతా మూడు టీవీల వాళ్ళూ లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు, తమ్ముడితో సహా. గోడకొక తెల్లబోర్డు ఉండేది. ఒక్కో ఆటకి ఒక్కో పేరు, అందరికన్నా బాగా ఆడినవాళ్ళది రాయడం అక్కడి పద్ధతి. భాయ్ మార్కర్ మూత తీసి, "ఏం పేరు రాయాలె బేటీ?" అన్నాడు. నా కళ్ళముందు నాన్న మెదిలాడు. ఆడపిల్ల పేరు గేమ్ షాపు గోడ మీద ఉందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? నోటికి తమ్ముడి పేరొచ్చింది. వాడు చెప్పమనలేదు. ఎవరూ చెప్పమనలేదు. నేనే చెప్పాను. ఆ విషయంలో నా మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నాన్న కూడా అప్పట్లో ఇదే క్యాంపస్‌లో గుమాస్తా. ఆఫీసులో ఎవరో "మీ పిలగాడు గేమ్ షాపుల మస్తు ఫేమస్ అయిండు" అన్నారట. కొడుకుని చెవి పట్టి ఈడ్చుకొద్దామని కోపంగా వెళ్ళిన మనిషి, బోర్డు చూసి, భాయ్‌తో మాట్లాడి, చల్లబడి తిరిగొచ్చాడు. నెల తిరక్కుండా ఇంటికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ వచ్చింది. "పిలగానికి దిమాక్ ఉన్నది. కంప్యూటర్ లైన్ల పెడ్త" అన్నాడు.

కంప్యూటర్ వాడి మంచం పక్కన పెట్టారు. వాడికి హబ్సిగూడలో కోచింగ్. నాకు దాని మీద దుమ్ము తుడిచే పని. వాడు లేనప్పుడు తుడుస్తూ తుడుస్తూ, గళ్ళ కింద దాగిన బాంబులు కనిపెట్టే మైన్స్ ఆట తెరిచేదాన్ని. అందులోనూ అందరికన్నా తక్కువ టైమ్ నాదే, అక్కడా వాడి పేరే కొట్టేదాన్ని. నేనూ కంప్యూటర్ కోర్సులో చేరతానని లోపల ఎన్నిసార్లు అనుకున్నానో! బీఏలో చేర్పించారు, చేరాను. తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయ్యాడు. నేను ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఎవరివో పేర్లు దిద్దుతున్నాను. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

అందుకే మొన్న ఆ చెట్ల కింద ఊరుకోలేకపోయాను. "ఆ రికార్డు నాది" అన్నాను గట్టిగా.

విద్యార్థులు తిరిగి చూశారు. తమ్ముడు నవ్వాడు. "ఏందక్కా, నువ్వు నాకు తోడొచ్చేటిదానివి గదా!"

"అయితే ఆడి చూపించు" అని జాయ్‌స్టిక్ వాడి చేతిలో పెట్టాను. రెండో స్టేజీలోనే పైకి దూకాడు, కంగారుగా వెనక్కి తిరిగాడు, కాల్చాడు, పక్షి పోయింది. కూతురు పకపకా నవ్వింది. వాడు మాత్రం తెల్లబోయి స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయాడు.

"నేనే ఆడినట్టు గుర్తున్నదక్కా. ఒట్టు. ఆఖరి స్టేజ్ నా కండ్ల ముంగట్నే ఉన్నది" అన్నాడు మెల్లగా.

వాడి మొహం నాకు తెలుసు. అబద్ధమాడటం లేదు. అబద్ధమైతే అందరి ముందూ కడిగేసేదాన్ని. నా వెనక నిలబడి చూసిన ఆట వాడి తలలో వాడిదైపోయింది. ఇక వాణ్ణి ఏమని తిట్టను?

సాయంత్రం ఆఫీసు వదలగానే నేరుగా లాలాపేట్‌లో నాన్న దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. బోర్డు, పేరు, ఆడింది నేనేనన్న సంగతి. నాన్న కప్పు కూడా కింద పెట్టలేదు.

"గది నాకెర్కనే బిడ్డా. నేను పోయిన్నాడే భాయ్ చెప్పిండు, ఆడేది మీ పిలగాడు కాదు, మీ బిడ్డ అని."

పాపం నాన్నకి తెలియదు, తెలిస్తే అంతా వేరేగా ఉండేదని ఇన్నేళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

"ఎర్కుండి కూడా కంప్యూటర్ వానికెందుకు కొనిచ్చినవ్ నాన్నా?"

"నువ్వు అడగలే గదా" అన్నాడు.

నిజమే, నేను అడగలేదు. వాడూ అడగలేదు.