నేను ‘అవును’ అని నొక్కిన ప్రశ్న

తొంభైల చివర్లో చిత్తూరులో ఒక కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ని. మద్రాసులో ఉద్యోగం చేసే మా బావమరిది, తన ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి చవగ్గా కొని నాకు పంపించాడు. దాంతోపాటు ఒక ఫ్లాపీ వచ్చింది. ఇంటి ఖర్చులు రాసుకోవడానికి, ఆదాయపు పన్ను ముందుగా అంచనా వేసుకోవడానికి పనికొచ్చే ప్రోగ్రాం అందులో ఉంది. అప్పటికే అది పాతది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌస్ ఊసే లేదు. ఏటా బడ్జెట్ వచ్చాక పేపరు చూసి, అందులోని పాత రేట్లు తీసేసి కొత్తవి నేనే ఎక్కించేవాణ్ని.

ఫిబ్రవరి వస్తే జీతంలో పన్ను ఎంత పట్టుకోవాలో కాలేజీ ఆఫీసుకు లెక్క ఇవ్వాలి. ఆదివారం పొద్దున కొంగారెడ్డిపల్లెలోని మా అద్దె ఇంటికి తోటి లెక్చరర్లంతా వచ్చేవాళ్లు. ప్రోగ్రాం ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది. ఇంటద్దె ఎంత, పాలసీలు ఉన్నాయా, ఇంటి లోను ఉందా. నేను వాటిని తెలుగులో చదివి, వాళ్లు చెప్పింది కొట్టేవాణ్ని. చివర ప్రింటరు కీచుమంటూ కాగితం వదిలేది. ఇంకో పాలసీ కడితే పన్ను ఎంత తగ్గుతుందని అడిగితే నిమిషంలో చెప్పేవాణ్ని. వాళ్లు తెల్లబోయి చూస్తుంటే నాకు లోపల ఎంతో గర్వంగా ఉండేది. తర్వాత జరిగినదానికి ఆ గర్వమే మూలం కాబట్టి దాన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

వచ్చేవాళ్లలో ఫిజిక్స్ సారు ఒకరు. నాకంటే ఆరేళ్లు పెద్ద. సొంతూరు సత్యవేడు దగ్గర పల్లె, కాపురం తిరుపతిలో. రోజూ బస్సులో చిత్తూరు వచ్చి పాఠం చెప్పి, ఆఖరి గంట కొట్టగానే బస్టాండుకు పరుగెత్తేవాడు. ఎవరింటికీ భోజనానికి రాడు, ఎవరినీ తన ఇంటికి పిలవడు. నేను ఆరేళ్ల సేవింగ్స్ సర్టిఫికెట్లు కొనమంటే వద్దనేవాడు. పన్నయినా కడతాడు గానీ డబ్బు ఎక్కడా ఇరికించడు. స్టాఫ్ రూములో ఆయన్ని పిసినారి అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

ప్రోగ్రాం అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇంట్లో వికలాంగులు ఉన్నారా అన్నది. ఉంటే పన్నులో తగ్గింపు వస్తుంది. అందరిలాగే ఆయన కూడా “లేరప్పా” అనేవాడు. నేను తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేవాణ్ని.

ఒక శనివారం మా పిల్లవాడి పుట్టెంట్రుకలు తీయించడానికి కొండకు నడిచి వెళ్దామని అలిపిరి చేరుకున్నాం. మొదటి మెట్ల పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పదమూడేళ్ల అమ్మాయి. మెడ నిలవడం లేదు, చేతులు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఎదురుగా ఒకావిడ వంగి మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతుంటే, ఆ పిల్ల ఒళ్లంతా కదిలిపోయేలా నవ్వుతోంది. ఆయన తువ్వాలుతో ఆమె నోరు తుడుస్తున్నాడు. నన్ను చూసి ఒక్క క్షణం బిగుసుకున్నాడు. తర్వాత తేరుకుని, “మా పాపప్పా” అన్నాడు. “పసుపు పూసేది సూస్తే దీనికి శానా సంతోషం. అందుకే వారం వారం ఎత్తుకోనొస్తా.”

మా ఆవిడ పిల్లవాణ్ని తీసుకుని ముందు నడిచింది. నేను పక్కన కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచీ అంతేనట. రోజూ కాళ్లూ చేతులూ ఆడించడానికి ఒకాయన ఇంటికొస్తాడట, మందులు ఎప్పుడు ఏం కావాలో తెలియదట. డబ్బు చేతిలో ఎందుకు ఉంచుకుంటాడో అప్పుడు అర్థమైంది.

“కాలేజీలో సెప్పొద్దప్పా,” అన్నాడు. “సిగ్గుపడి కాదు. వాళ్లంతా అయ్యో అంటారు. ఆ మాట నా బిడ్డమీద పడేది నాకిష్టం లేదు.”

చెప్పనని మాటిచ్చాను. నోటితో చెప్పలేదు కూడా.

ఆ ఫిబ్రవరిలో ఆయన మా ఇంటికి రాలేకపోయాడు. పాపకు జ్వరమని, పోయిన ఏటి వివరాలు ఫ్లాపీలో ఉన్నాయి గదా, జీతం మార్చి కాగితం తీసి పెట్టమని అన్నాడు. కూర్చుని అన్నీ సరిచేశాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఇన్నేళ్లుగా రావలసిన తగ్గింపు వదులుకుంటున్నాడే, పాపం తెలియక కాబోలు, నేనైనా సాయం చేద్దాం అనుకున్నాను. ‘అవును’ అని నొక్కాను. పన్ను సగానికి సగం పడిపోయింది. సంతోషపడ్డాను. ఆయనకు చెప్పి సంతకం పెట్టించుకుందామనుకున్నాను గానీ, మర్నాడు నా క్లాసుల తొందరలో కాగితాలన్నీ ఒకే కట్టగా గుమస్తాకు ఇచ్చేశాను.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో సంతకాలు జరుగుతున్నాయి. నలుగురైదుగురం ఉన్నాం. గుమస్తా ఆయన కాగితం చూసి, “సార్, మీ ఇంట్లో వికలాంగులుండారని రాసినారే, డాక్టరు సర్టిఫికెట్ యాడ?” అని పైకే అడిగాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కాగితం తీసుకుని నిదానంగా చదివాడు. పెన్నుతో ఆ వరుస కొట్టేశాడు. “తప్పు పడింది. పాత లెక్కే రాసుకో” అని సంతకం పెట్టి బయటికి నడిచాడు.

వరండాలో వెంటపడ్డాను. “అన్నా, మీకు లాభమని...” అని నసిగాను.

“నువ్వు మంచికే సేసినావు, నాకు తెలుసు,” అన్నాడు. గొంతు పెంచలేదు. “తగ్గింపని ఉండాదే ఆ కాయితంలో, ఆ మాట నాకు తెలీక కాదు. దాని పక్కన నా బిడ్డను రాసేదానికి నాకు చెయ్యి రాలేదప్పా. పదమూడేండ్లుగా రాలే.”

తప్పు పడిందన్నా ఎవరూ నమ్మలేదు, తిరుపతిలో ఆరా తీశారు. ఆ వారమంతా స్టాఫ్ రూములో అయ్యోలే. ఒకరు వేలూరు డాక్టరు పేరు చెప్పారు, ఒకరు మొక్కు చెప్పారు, ఒకరు ఏ జన్మ పాపమో అన్నారు. అన్నిటికీ ఆయన తలూపాడు. తర్వాత మధ్యాహ్నాలు క్యారియర్ తీసుకుని ల్యాబులోకి వెళ్లి తినడం మొదలుపెట్టాడు. నాతో మాట్లాడకుండా ఏమీ లేడు. అడిగినదానికి బదులు చెప్పేవాడు, అంతే. మరుసటి ఏడు పన్ను లెక్క తనే చేత్తో వేసుకుని ఇచ్చాడు.

ఆ ఏడు వానాకాలంలో పాప చనిపోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు ఊపిరి అందలేదట. కాలేజీవాళ్లం వ్యాను మాట్లాడుకుని తిరుపతి వెళ్లాం. అదే మొదటిసారి ఆయన ఇల్లు చూడటం. వీధి కిటికీకి ఆనించి మంచం వేసి ఉంది. పరుపు అప్పటికే చుట్టి పెట్టేశారు. ఆయన భార్య నన్ను పోల్చుకుని, “కంప్యూటర్ సారు మీరేనా? శానా తెలివైనోడని చెప్తాండె” అంది. అంతకుమించి ఆమెకేమీ తెలియదని అర్థమై, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

తర్వాతి ఫిబ్రవరిలో ఒక ఆదివారం, అందరూ వెళ్లిపోయాక ఆయన వచ్చాడు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క ప్రశ్నే చదివాను. ఆ ప్రశ్న రాగానే చదవకుండా దాటేయబోయాను.

“చదువప్పా,” అన్నాడు.

చదివాను.

“లేరు,” అన్నాడు ఆయన. తెర వైపే చూస్తూ, “ఇన్నేండ్లూ అబద్ధం రాయించినా. ఈ తూరి నిజం,” అన్నాడు.

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. “తప్పు చేసినానన్నా” అన్నాను. అంతవరకూ ఆ మాట నోటితో అనలేదు.

“అది ఎప్పుడో అయిపోయింది లేప్పా. నిన్నేమన్నా అనాలనుంటే ఆ పొద్దే అనుందును.”

మా ఆవిడ దోసెలు పెడితే తిన్నాడు. తింటూ తింటూ పాప సంగతులు చెప్పాడు. చక్కెర లేకుంటే పాలు ఉమ్మేసేదట. వాళ్లమ్మ తిడితే మూతి బిగించి, నాయన వచ్చేదాకా కళ్లు తెరిచేది కాదట. ఆయన గళ్ల చొక్కా వేసుకున్న రోజున గుండీలు పట్టుకుని వదిలేది కాదట. ఎవరికీ చెప్పుకోని మాటలు ఇన్నేళ్లవి అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. మేమిద్దరం వింటూ కూర్చున్నాం. అయ్యో అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

జూన్‌లో ఆయన సత్యవేడుకు బదిలీ చేయించుకున్నాడు. తర్వాత రెండేళ్లకు చిత్తూరులో జవాబు పత్రాలు దిద్దేచోట కలిశాం. పలకరింపులు, ఆరోగ్యాలు, పిల్లల చదువులు. నా పిల్లవాడి చదువు ఆయనే గుర్తుపెట్టుకుని అడిగాడు. నేను తిరిగి అడగడానికి ఏమీ లేకపోయింది.

ఆయన లెక్క వేసిన ఆ ఫిబ్రవరి తర్వాత నేను ఇంకొకరి పన్ను లెక్క వెయ్యలేదు. ప్రోగ్రాం పాతదైపోయింది, కొత్త నిబంధనలకు సరిపోదు, ఆడిటరు దగ్గరికి వెళ్లండి అని చెప్పేవాణ్ని. అందరూ నమ్మారు.