అన్న డబ్బాలో తమ్ముడి కఫం

జపాన్‌లోని షియోగామా రేవులో తొరకిచి చేతికి జడవనివాడు లేడు. ట్యూనా చేపల వేలం దగ్గర ముప్పై ఏళ్ళుగా కొక్కెం పట్టి చేపలు ఈడ్చినవాడు. మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. తమ్ముడు మత్సుజి అంతకు రెండాకులు ఎక్కువే చదివాడు. ఆ వేసవిలో తండ్రి వాడిన చేపకత్తి ఎవరిదన్న తగువొచ్చి, అదే కత్తితో అన్న చెవి సగం కోసి, కత్తి పట్టుకుపోయాడు. ఇక ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

అంతకు నెల ముందు, ఇంకా మాటలున్న రోజుల్లో, ఊపిరితిత్తుల క్యాన్సర్ పరీక్షకని ఆస్పత్రివాళ్ళు ఊళ్ళో పొగతాగే మగాళ్ళందరికీ డబ్బాలు పంచారు. మూడు రోజులు పొద్దున్నే కఫం ఉమ్మి ఇవ్వాలి. తొరకిచి ఎంత ఖాండ్రించినా ఏమీ పడలేదు. ఖాళీ డబ్బా ఇస్తే నర్సు హిసాయే నలుగురిలో కడిగేస్తుంది.

"ఒరేయ్, దీంట్లో నువ్వు ఉమ్మరా. నీ గొంతు నిండా సరుకేగా!"

మత్సుజి నవ్వుతూ అన్న డబ్బా నింపాడు. తన డబ్బా చెత్తలో పారేశాడు. "ముసలాళ్ళ పరీక్షలు నాకెందుకన్నా!"

తగువైన పదిరోజులకు ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. తొరకిచి కఫంలో క్యాన్సర్ కణాలున్నాయట. ఎక్స్‌రే చూస్తే శుభ్రంగా ఉంది.

"ఫిల్ములో కనపడనంత చిన్నదన్నమాట. గొట్టం వేసి చూడాలి. ఇప్పుడే దొరికితే బతికిపోతావు," అన్నాడు డాక్టరు ఓకుమురా.

గొంతు మొద్దుబార్చి, కొసన దీపమున్న సన్నని గొట్టాన్ని ఊపిరి దారుల్లోకి దించారు. తొరకిచి ఊపిరాడక బల్లను తన్నాడు, హిసాయే చెయ్యి నలిపేశాడు. ఏమీ దొరకలేదు. నెల తర్వాత మళ్ళీ దించారు. అప్పుడూ లేదు.

"కణాలు అబద్ధమాడవే!" డాక్టరు తల పట్టుకున్నాడు.

తొరకిచికి మొదటి రోజే తెలుసు. చెవి తడుముకున్నప్పుడల్లా 'చావనీ వెధవని' అనుకున్నాడు. ఆ సాయంత్రం ఊరుమ్మడి స్నానాలశాలలో అవతలి మూల నుంచి తమ్ముడి దగ్గు వినబడింది. ఎంత పాపిష్టివాడైనా తోడబుట్టినవాడు కదా! మర్నాడు డాక్టరు ముందు నేలకు నుదురానించాడు.

"ఆ కఫం నాది కాదండీ. మా తమ్ముడిది."

"నీ నోరు పడిపోయిందా ఇన్నాళ్ళూ? మనిషివేనా నువ్వు? పో, తీసుకురా!"

వేలం దగ్గర అన్నను చూడగానే మత్సుజి కొక్కెం ఎత్తాడు.

"ఒక చెవి చాల్లేదా?"

"ఆస్పత్రికి నడవరా! ఆ కఫంలో క్యాన్సరుంది. అది నీది!"

"కత్తి దక్కలేదని శాపనార్థాలా?"

కొక్కెం తొరకిచి భుజంలో దిగింది. రక్తం కారుతుండగానే అతను తలతో తమ్ముడి మూతి పగలగొట్టాడు. రెండు పళ్ళు రాలాయి. చేపల పెట్టె ఎత్తి వాడి వీపున బాదాడు, తాడుతో కట్టాడు, ఐసు బండిలో పడేసి ఆస్పత్రిదాకా తోశాడు. దారిపొడుగునా తమ్ముడి వంశమంతటినీ తిట్టాడు. అది తన వంశమే అన్న స్పృహ కూడా లేదు.

గొట్టం దించితే మత్సుజి ఎడమ ఊపిరి దారి చీలేచోట బియ్యపుగింజంత మచ్చ దొరికింది. ఊపిరితిత్తిని అక్కడిదాకా కోసి తీసేశారు. ఇంకెక్కడికీ పాకలేదు.

మరుసటేడు మళ్ళీ డబ్బాలొచ్చాయి. తెల్లవారగానే మత్సుజి బొంగురు గొంతుతో ఆయాసపడుతూ అన్న ఇంటికొచ్చాడు. డబ్బా, తండ్రి కత్తి రెండూ అతని ముందు పెట్టి కూర్చున్నాడు.

"ఉమ్ము. నీదే ఉమ్మాలి. రాలేదంటే రెండో చెవి కూడా కోస్తా."

తొరకిచి ఏడుస్తూ దగ్గడం మొదలుపెట్టాడు.