దగ్గరి రేవు

ఇండోనేషియాలోని మకస్సార్‌లో పావోతెరే రేవు పక్కన కంప్యూటర్ ఆటల కొట్టు నడుపుతుంది బెస్సె. రాజ్యాలు కట్టే ఆటలో ఎప్పుడూ, ఓడలు చవగ్గా కట్టుకునే వరమున్న రాజ్యాన్నే ఎంచుకుంటుంది. యుద్ధం జోలికి పోదు. రెండు రేవుల మధ్య ఒకే ఒక్క సరుకు ఓడను తిప్పుతూ కూర్చుంటుంది.

"పిన్నీ, రేవు ఎంత దూరమైతే బంగారం అంత ఎక్కువొస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి? మళ్ళీ పక్కనే కట్టావ్! చిత్తుగా ఓడిపోతావ్ చూడు," అని విసుక్కుంది అక్క కూతురు తెన్రి.

"ఓడితే ఓడతాలేవే. నోర్మూసుకుని నీ ఆట నువ్వాడుకో."

దూరం వెళితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని లవంగాల కోసం తెర్నాతె దీవికి ఓడెక్కిన బెస్సె మొగుడు పదకొండేళ్ళయినా తిరిగి రాలేదు.

తెర మీది ఓడ మాత్రం పావుగంటలో ఏడోసారి ఇంటికొచ్చింది.